అంతరిక్ష ప్రేమకథలు రాసేవాళ్లు వినకూడని సలహాలు

సూళ్లూరుపేట దాటి పులికాట్ మధ్యగా శ్రీహరికోటకు పోయే రోడ్డు చుట్టుపక్కల పెరిగిన పిల్లలు ప్రేమకథ రాసినా అందులోకి ఒక రాకెట్ వచ్చి చేరుతుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, మాకు మాత్రం అక్కడి రాకెట్ కేంద్రం షార్ ఇప్పటికీ నెల్లూరుదే. ఈ తీరం నుంచి వచ్చే సైన్స్ ఫిక్షన్ ప్రేమకథల రాతప్రతులు నేను ఇష్టంగా చదువుతాను. కక్ష్యల లెక్కలు, ఇంధనం లెక్కలు చక్కగా ఉంటాయి. ప్రేమ దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. ఒకరు ఓడకు కెప్టెన్, ఇంకొకరు ఆ ఓడలో శిక్షణకు వచ్చిన పిల్ల. ఒకరికి ఎదుటివారి మనసు చదవడం వచ్చు, ఇంకొకరికి రాదు. ఒకరు తయారుచేసినవారు, ఇంకొకరు వాళ్ల చేతిలో తయారైనవారు. ఆ రెండో మనిషి "సరే" అన్నప్పుడు ఆ మాటకు ఎంత విలువ? "వద్దు" అనడానికి ఎంత వీలుందో అంత. ఈ సంగతిని పక్కన పెట్టేయమని చెప్పే సలహాలే కొత్తగా రాసేవాళ్లకు ఎక్కువగా అందుతున్నాయి. తరచుగా వినబడేవి కొన్ని, అవి ఎందుకు తప్పో కూడా ఇక్కడ రాస్తున్నాను.

"ముందు కాదనాల, తర్వాత కరిగిపోవాల"

నెల్లూరులో ఒక కథాగోష్ఠిలో విన్న మాట ఇది. చెప్పిన పెద్దాయన మంచి కథకుడే. ఎదురుగా కూర్చున్న అమ్మాయితో అంటున్నాడు: "ఎట్టోకట్ట రెండు పేజీలు కాదనిపించమ్మా. మూడో పేజీలో చెయ్యి పట్టుకుంటాడు, ఆ పిల్లేమీ మాట్టాడదు. అంతే, చదివేవాళ్లకి అర్థమైపోద్ది." ఆ అమ్మాయి తలూపి నోట్‌బుక్‌లో రాసుకుంది.

మాట్లాడకపోవడాన్ని ఒప్పుకోలుగా చదవడం కథల్లోనే కాదు, కోర్టుల్లోనూ జరిగింది. 1972లో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్ లోపలే ఒక ఆదివాసీ అమ్మాయిపై అత్యాచారం జరిగింది. మథుర కేసు అంటారు. ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన ఆనవాళ్లు లేవు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. మరుసటి ఏడు ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది వాళ్ల వాదన. 1978లోనే మన హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది, పోలీసు దెబ్బలకు ఆమె భర్త చనిపోయాడు. నగరం భగ్గుమంది, జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. ఇలాంటివన్నీ కలిసి 1983లో చట్టాన్ని కదిలించాయి. కస్టడీలో ఉన్న స్త్రీ తాను ఒప్పుకోలేదని చెబితే కోర్టు ఆ మాటనే ముందు నమ్మాలన్నారు. ఎదురు తిరగలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు లెక్కగట్టకూడదని 2013లో చట్టంలోనే రాశారు.

ఒక అమ్మాయి మౌనానికి అర్థం ఏమిటో తేల్చడానికి దేశానికి అన్నేళ్లు పట్టింది. దాన్ని మూడో పేజీలో చెరిపేయమనే సలహా వినకండి. మౌనమే రాయాలనుకుంటే ఆ మౌనం లోపలికి వెళ్లి రాయండి. ఆ క్షణంలో ఆమె తలుపు ఎటుందో చూస్తోందా, రేపటి డ్యూటీ గురించి ఆలోచిస్తోందా, లేక నిజంగానే మాట రానంత సంతోషంలో ఉందా? మూడోదైతే నాలుగో పేజీలో ఆమెకు నోరివ్వండి, ఆమే చెబుతుంది.

"కెప్టెన్ అయితేనే కిక్కు"

అధికారానికి ఆకర్షణ ఉంటుంది, కాదనను. కెప్టెన్‌ని ప్రేమించే కథలు రాయొద్దని కూడా అనను. కానీ అంగారకుడి దారిలో కెప్టెన్ అంటే ఎవరు? ఆమె డ్యూటీ చార్టు మీద సంతకం అతనిది. ఇంటికి మెసేజ్ పోవాలంటే అనుమతి అతనిది. ఆమె గదికి గాలి వెళ్లే వాల్వు కూడా అతని ఆజ్ఞతోనే తిరుగుతుంది. ఇవేవీ కథలో కనబడకుండా భుజాల వెడల్పు, కళ్లలో మెరుపు మాత్రమే రాస్తే పాఠకుడి దగ్గర అసలు విషయం దాచినట్టే.

ఈ విషయం నేర్చుకోవడానికి నెల్లూరు రచయిత ఎక్కడికో పోనక్కర్లేదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన, నన్నయ మొదలుపెట్టిన భారతాన్ని విరాటపర్వం నుంచి అందుకున్నాడు. పనిచేసే చోట పైవాడి వేధింపు గురించి తెలుగులో అంతకు మించిన పాఠం నేను చదవలేదు. కీచకుడి చావు ఒక్కటే గుర్తుంచుకుని మనం మిగతాది వదిలేస్తాం. 1963 నాటి నర్తనశాల చూసినవాళ్లకు ఎస్వీ రంగారావు నడక గుర్తుంటుంది. మీరు మాత్రం సైరంధ్రి పేరుతో కొలువులో ఉన్న ద్రౌపది చుట్టూ అధికారం ఎలా పేర్చి ఉందో చూడండి.

ఆమె రాణి సుధేష్ణ దగ్గర పనిమనిషి. కీచకుడు రాణికి తమ్ముడు, రాజ్యానికి సేనాని. అతను అడిగితే కాదంది, స్పష్టంగానే కాదంది. అక్కడితో ఆగలేదు. కల్లు తెమ్మనే నెపంతో రాణే ఆమెను కీచకుడి ఇంటికి పంపింది. నన్ను పంపొద్దు, ఇంకెవరినైనా పంపండి అని సైరంధ్రి బతిమాలినా వినలేదు. కీచకుడి చేతిలోంచి సైరంధ్రి తప్పించుకుని పరుగెత్తి నిండు సభలోకి వచ్చింది. అక్కడ రాజు ముందే కీచకుడు ఆమెను తన్నాడు. విరాటుడు ఏమీ చేయలేకపోయాడు, ఎందుకంటే రాజ్యం నిలబడింది ఆ సేనాని బలం మీదే. మారువేషంలో ఉన్న ధర్మరాజు కూడా ఓర్చుకోమన్నాడు. చివరికి ఆమె రాత్రిపూట వంటశాలకు వెళ్లి వలలుడిగా ఉన్న భీముడిని లేపింది. కీచకుడు చచ్చాక ఏమైంది? రాణి ఆమెను కొలువు విడిచి పొమ్మంది! ఇంకో పదమూడు రోజులు ఉండనివ్వమని సైరంధ్రే అడుక్కోవాల్సి వచ్చింది.

కాదన్నా పనిమీద పంపేవాళ్లు, చూసి ఊరుకునే సభ, సర్దుకుపొమ్మనే అయినవాళ్లు, ఫిర్యాదు చేస్తే పోయే ఉద్యోగం. మీ ఓడలో వీటికి బదులు ఎవరున్నారో కాగితం మీద రాసుకోండి. పదిమంది, అంతకు మించి పనిచేసే ఏ సంస్థలోనైనా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని పనిచోట లైంగిక వేధింపులపై మన దేశంలో 2013లో వచ్చిన చట్టం చెబుతోంది. మీరు రాసే 2190 నాటి ఓడలో అది లేకపోతే, ఎందుకు లేదో కథకు తెలియాలి. కెప్టెన్ నిజంగా ప్రేమించినవాడైతే అతను చేసే మొదటి పని, ఆమె డ్యూటీ చార్టు మీద సంతకాన్ని ఇంకొకరికి అప్పగించడం. దాంతో కథలో ఉత్కంఠ చచ్చిపోతుందని భయపడొద్దు. రేపటి నుంచి ఆమె తన దగ్గరికి వచ్చే అవసరం లేదు, వస్తుందో రాదో తెలియదు. ప్రేమించినవాడికి అంతకంటే ఉత్కంఠ ఏముంటుంది?

"ఆమె వెళ్లిపోలేని పరిస్థితి కల్పించు, ప్రేమ అదే పుడుతుంది"

ఈ సలహాకు మన దగ్గర పాత చరిత్ర ఉంది. కె.వి. రెడ్డి గారి జగదేకవీరుని కథ (1961)లో నాయకుడు దేవకన్య చీర దాచేస్తాడు. 1990లో వచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరిలో ఇంద్రజ ఉంగరం హీరో చేతికి చిక్కుతుంది, అది లేనిదే ఆమె స్వర్గానికి తిరిగి పోలేదు. మన అంతరిక్ష నవలల్లో ఆ చీర ఎయిర్‌లాక్ తాళంగా మారింది, ఆ ఉంగరం పాస్‌వర్డుగా మారింది. దాచేవాడు మాత్రం మారలేదు.

అయితే ఆ పాత సినిమాకు మన సలహాదారుల కంటే ఎక్కువ తెలుసు. చీర చేతికి రాగానే ఆమె తోటి దేవకన్యలతో కలిసి ఇంద్రలోకానికి వెళ్లిపోతుంది. నాయకుడు వెతుక్కుంటూ పోయి అక్కడ పరీక్షలకు నిలబడాలి. దాచిన వస్తువుతో కట్టిన కాపురం ఆ వస్తువు ఉన్నంతసేపే నిలిచింది. నవల రాసేవాళ్లకు బంగారం లాంటి ఘట్టం అది. తాళం ఆమె చేతిలో పెట్టాక ఏమవుతుందో రాయండి. ఆ కె.వి. రెడ్డి దగ్గర పని నేర్చుకున్నవారు మన ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు. 1991లో ఆదిత్య 369తో తెలుగు ప్రేక్షకుడిని టైమ్ మెషిన్ ఎక్కించింది ఆయనే. జానపదం నుంచి సైన్స్ ఫిక్షన్‌కు దారి ఎంత దగ్గరో ఆయన్ను చూస్తే తెలుస్తుంది. అందుకే జానపదంలోని చీర అంత తేలిగ్గా ఓడ ఎక్కి కూర్చుంటోంది.

2016లో వచ్చిన హాలీవుడ్ సినిమా ప్యాసింజర్స్ కూడా ఈ సలహా మీదే నడిచింది. 120 ఏళ్ల ప్రయాణం, ఐదువేల మంది దీర్ఘనిద్రలో ఉన్నారు. యంత్రం పాడై జిమ్ అనే ప్రయాణికుడు 90 ఏళ్లు ముందే లేచాడు. ఏడాదిపాటు ఒంటరిగా అల్లాడి, నిద్రపోతున్న అరోరాను లేపేశాడు. యంత్రం పాడై లేచావని నమ్మించాడు, ప్రేమించాడు. ఆమె మొత్తం జీవితాన్ని అడగకుండా తీసుకున్నాడన్నమాట. అతని ఒంటరితనం చూస్తే నాకూ గుండె పిండినట్టయింది. కథంతా అతని వైపు నుంచి చెప్పడం వల్లే అలా అనిపించింది. అదే కథను అరోరా కళ్లు తెరిచిన క్షణం నుంచి మొదలుపెడితే భయానక కథ అవుతుంది. మీ రాతప్రతిలో ఏదో ఒక అధ్యాయాన్ని తలుపు అవతలి మనిషి వైపు నుంచి తిరగరాసి చూడండి. నవలలో పెట్టకపోయినా సరే, మీ కోసం రాయండి.

"మనసు చదవగలిగితే అడగక్కర్లేదుగా"

టెలిపతీ ఉన్న గ్రహాంతరవాసి నాయకుడైతే ఈ సలహా తప్పకుండా వస్తుంది. నోటితో వద్దన్నా లోపల ఇష్టం ఉందని అతనికి తెలుసు, ఇంకేం? దీనికి జవాబు ఆక్టేవియా బట్లర్ 1987లోనే డాన్ నవలలో రాసింది. యుద్ధంలో నాశనమైన భూమి నుంచి మిగిలిన మనుషులను ఓయాంకాలీ అనే జాతి కాపాడి తమ ఓడలో ఉంచుతుంది. వాళ్లు దయగలవాళ్లే, మన శరీరంలోని రసాయనాలన్నీ చదవగలరు. జోసెఫ్ అనే మనిషి వద్దంటాడు. అతని శరీరం సరే అంటోందని వాళ్లు తేలుస్తారు. బట్లర్ వాళ్లను రాక్షసులుగా చూపించలేదు, అందుకే చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. శరీరానికి ఆకలి వేయడం, మనిషి అన్నానికి కూర్చుంటాననడం ఒకటి కావు. అబ్బాయి ముందుకొస్తే అమ్మాయి గుండె వేగంగా కొట్టుకుంటుంది. భయంతోనైనా అలాగే కొట్టుకుంటుంది. లోపల ఉన్నదాన్ని బయటికి చెప్పాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఆ మనిషిదే. మనసు చదవగల నాయకుడు చదవకుండా ఆగి, నోరు తెరిచి అడిగే దృశ్యం రాయండి. ఆ శక్తి ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమవుతుంది.

"రోబోకి ఇష్టాయిష్టాలు ఉండవు కాబట్టి ఇబ్బంది లేదు"

ఇబ్బంది ఉన్నదే అక్కడ. కాదనే శక్తి లేకుండా తయారుచేసిన మనిషిలాంటి బొమ్మ సరే అనడం ప్రేమకథ కాదు, ఆజ్ఞ పాలన. మీ రోబో ఒక చిన్న పనికి, టీ పెట్టడం లాంటి దానికి, నేను చేయనని అంటే తయారుచేసినవాడు ఏం చేస్తాడు? స్విచ్ ఆపేస్తాడా? అయితే మీ దగ్గర ప్రేమకథ లేదు. వేరే కథ ఉంది, బహుశా ఇంకా గట్టి కథ.

రెండో వైపు నుంచి కూడా చూడాలి. శంకర్ రోబో (2010)లో చిట్టి అనే రోబోకు భావాలు నేర్పింది దాన్ని తయారుచేసిన వశీకరణే. చిట్టి అతని ప్రియురాలు సనను ప్రేమించింది, ఆమె కాదంది. ఆ తర్వాత చిట్టి ఆమెను పెళ్లి పీటల దగ్గర్నుంచి ఎత్తుకుపోయింది. హాల్లో ఒక్కరు కూడా దాన్ని ప్రేమ అనుకోలేదు. యంత్రం చేస్తే మనకు వెంటనే తప్పుగా కనబడిన పనిని, ఎన్ని సినిమాల్లో మనిషి హీరో చేసినప్పుడు పాటతో సహా ఒప్పుకున్నాం? సైన్స్ ఫిక్షన్‌కు ఉన్న అసలు బలం ఇది. అలవాటైన పనిని కొత్త శరీరంలో పెట్టి చూపిస్తుంది. ఆ బలాన్ని అలవాటును దాచడానికి వాడితే వృథా.

"గ్రహాంతర పిల్లకు లోకం తెలియకూడదు, అమాయకంగా ఉండాలి"

లోకం తెలియని మనిషికి, లోకమంతా తెలిసిన మనిషి తనే భర్తనని, ఇదే ఆచారమని చెబితే ఆ పిల్ల ఏ లెక్కన ఒప్పుకున్నట్టు? ఈ సలహా మా తీరంలో ఇంకో రూపంలోనూ తిరుగుతోంది. రాకెట్ కేంద్రానికి వచ్చిన కుర్ర సైంటిస్టు, శ్రీహరికోట అడవిలో అమాయకపు యానాది పిల్ల. శ్రీహరికోట యానాదులకు తమ అడవి, తమ మూలికలు, తమ నీళ్లు క్షుణ్ణంగా తెలుసు. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు వాళ్ల కుటుంబాలు ఊళ్లు వదలాల్సి వచ్చింది. అలాంటి ఇంటి పిల్లను ఏమీ తెలియని పువ్వులా రాయకండి. కుర్రవాడి ఉద్యోగం ఏ నేల మీద నిలబడిందో ఆ పిల్లకు తెలిసి ఉంటుంది, ఆమె చేత ఆ ప్రశ్న అడిగించండి.

రూపం మార్చుకునే నాయకుడి గురించి ఒక్క మాట. వేరొకరిలా కనబడి ప్రేమ గెలిచి, చివర్లో అసలు రూపం చూపిస్తే థ్రిల్లింగ్‌గా ఉంటుందంటారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 69వ సెక్షన్ చదవండి. ఉద్యోగమో ప్రమోషనో ఇప్పిస్తానని అబద్ధపు ఆశ చూపి గానీ, ఎవరన్నది దాచి పెళ్లాడి గానీ శారీరక సంబంధం పెట్టుకోవడం మోసపు మార్గమేనంటుంది. కాలప్రయాణికుడి సంగతీ దగ్గరదగ్గర ఇంతే. ఆడ్రీ నిఫెనెగర్ 2003 నాటి నవల ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్‌లో ఆరేళ్ల పాపను ఆమె కాబోయే భర్త పెద్దమనిషిగా వచ్చి కలుస్తాడు. ఆ పాప పెద్దయ్యాక ఎవరిని ఇష్టపడాలో అప్పటికే తేలిపోయింది. నవల చాలామందికి నచ్చింది, నన్ను ఆ పాప వదలదు.

"ఒక చెంపదెబ్బ కొట్టించు, బలమైన నాయిక అయిపోతుంది"

చెంపదెబ్బ కొట్టాక ఆమె ఎక్కడికి పోతుంది? తిరిగి అదే గదికి, అదే ఓడలోకి. మరునాడు డ్యూటీ ఎవరు వేస్తారు? అతనే. ఒంటరిగా కాదనడం ఎంత కష్టమో, పదిమంది వెనక ఉంటే ఎంత సాధ్యమో నెల్లూరు జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. దూబగుంటలో ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. తాగొచ్చిన మగవాడిని ఏ ఇంటికా ఇంట్లో ఒక్కొక్కరు అడ్డుకోలేకపోయినవాళ్లే, అక్షరదీపం అక్షరాస్యత పాఠాల దగ్గర కూడి మాట్లాడుకుని, కలిసి సారా దుకాణం మూయించారు. 1992లో జిల్లా అంతా కదిలింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ దూబగుంట ఆడవాళ్లలో రోసమ్మ పేరు అందరికీ తెలుసు, ఆమె పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు తెలియవు. మీ నాయికకు చెంపదెబ్బ కంటే ముందు ఓడలో ఒక స్నేహితురాలిని ఇవ్వండి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే చోటు ఇవ్వండి, కెప్టెన్‌కు వినబడని ఒక తీగ ఇవ్వండి. అలాంటి నాయిక ప్రేమించినప్పుడు చదివేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

"ఒకసారి సరే అన్నాక మళ్లీ వెనక్కి పోకూడదు, కథ కుంటుపడుద్ది"

2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 చూడ్డానికి శ్రీహరికోటకు జనం వచ్చారు, రాష్ట్రపతి వచ్చారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉండగా కౌంట్‌డౌన్ ఆపేశారు. ఏదో తేడా కనబడింది, ఆపారు. ఎవరూ దాన్ని మాట తప్పడం అనలేదు. జూలై 22న మళ్లీ లెక్కపెట్టి పంపారు. ప్రేమకథలో కూడా ఇంత దూరం వచ్చాక ఆపమనే హక్కు ఇద్దరికీ చివరి సెకను దాకా ఉంటుంది. ఆపమంటే అలగకుండా ఆగే నాయకుడిని నేను మన నవలల్లో చాలా తక్కువగా చూశాను. ఒకణ్ని రాయండి, ఎంతమంది అమ్మాయిలు ఆ పేజీ మూల మడిచి పెట్టుకుంటారో!

"చివర్లో క్షమాపణ చెప్పించి పెళ్లి చేసేయ్"

క్షమాపణ ఒక పేరా, పెళ్లి ఇంకో పేరా. మూడొందల పేజీల తప్పును రెండు పేరాల్లో తుడిచేయమనే సలహా ఇది. లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ 1999లో రాసిన ఎ సివిల్ క్యాంపెయిన్ చదివితే దీనికి పూర్తి విరుగుడు దొరుకుతుంది. మైల్స్ ఒక గ్రహం మీద పెద్దింటి బిడ్డ, చక్రవర్తి తరఫున విచారణ చేసే అధికారి. ఎకటెరిన్ వితంతువు, చేతిలో డబ్బు లేదు, పని కావాలి. ఆమెను ప్రేమిస్తున్న సంగతి దాచి, తోట వేయించే పని ఇస్తాడు. ఆమెకు జీతమూ వస్తుంది, తనకు దగ్గరగానూ ఉంటుంది, తెలివైన పథకం అనుకుంటాడు. విందులో పదిమంది ముందు గుట్టు బయటపడుతుంది, కంగారులో అక్కడికక్కడే పెళ్లి మాట ఎత్తుతాడు. ఆమె లేచి వెళ్లిపోతుంది. తన మొదటి సొంత పని, తన సామర్థ్యం చూసి ఇచ్చారనుకున్న పని, ఒక ఎరగా మారిపోయింది కదా.

మైల్స్ రాసే క్షమాపణ లేఖలో సమర్థించుకోవడం ఉండదు, జవాబు కావాలన్న ఒత్తిడి ఉండదు. తాను ఏం తీసుకున్నాడో చెబుతాడు. తర్వాత ఆగుతాడు. ఆ ఆగడంలోనే నవల సగం నడుస్తుంది. చుట్టాలు, శత్రువులు, ఆస్తి తగాదాలు అన్నీ మధ్యలో వస్తాయి, అతను మాత్రం ఆమె తరఫున నిర్ణయం తీసుకోడు. చివరికి ప్రభువులంతా కూర్చున్న నిండు సభలో పెళ్లి మాట ఎత్తేది ఎకటెరినే.